కర్నూలు బీచిలో ఇద్దరు పెద్దమనుషులు

ఆ రోజుల్లో కర్నూల్లో బీచి ఉండేదని నేనంటే మా ఇంట్లో పిల్లలు ముందు నా మొహం చూస్తారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఆ పైన అవ్వకు ఎండదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ తెచ్చిస్తారు. మజ్జిగ తాగుతాను గాని అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నిజమే, సముద్రానికీ కర్నూలుకూ మధ్య నల్లమల కొండలు అడ్డం, అవి దాటినా ఇంకా జిల్లాలకు జిల్లాలు అడ్డం. అయినా మాకొక బీచి ఉండేది. బీచికొక చెక్కల బాట ఉండేది. ఆ బాట మీద సాయంకాలం షికారు, బొరుగుల బండి, మిరపకాయ బజ్జీలు, గోలీసోడా, కొత్త చీరలు, పాత పగలు, అన్నీ ఉండేవి. లేనిదల్లా సముద్రం ఒక్కటే. ఆ ఒక్కటీ లేదని మేమెవ్వరం పెద్దగా బాధపడలేదు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆలూరు దగ్గర పల్లె మాది. టీచరు ట్రైనింగు ముగించి, రేవు వీధిలో ఆడపిల్లల బడికి టీచరునై, ఆ వీధిలోనే ఉన్న మా పెద్దనాయన ఇంటికి ఒక ట్రంకుపెట్టెతో దిగాను. అప్పట్లో నా గొంతు నాకే సరిగా వినపడేది కాదు. రెండో వరసలో పిల్లలు "టీచర్, వినపళ్ళేదు" అని లేచి నిలబడేవాళ్ళు. నేను ఇంకోసారి చెప్పేదాన్ని, అదీ వినపడేది కాదు. చివరికి మొదటి వరసలో ఉన్న పిల్లలు వెనక్కి తిరిగి నా పాఠాన్ని కేక వేసి చెప్పేవాళ్ళు. (వాళ్ళలో ఒకతె తర్వాత పెద్ద వకీలయింది. ఆ పునాది నాదేనని నేను అనుకుంటూ ఉంటాను, ఆమె అనుకుంటుందో లేదో తెలియదు.)

రేవు వీధి అంటే హంద్రి వచ్చి తుంగభద్రలో కలిసే మూల. వీధి చివర కట్ట ఎక్కితే ముందు హంద్రి కనపడేది. ఏరనే పేరే గాని ఏడాదిలో ముప్పాతిక కాలం అది ఒట్టి ఇసుక. ఆ ఇసుకంతా దాటితే గాని తుంగభద్ర నీళ్ళు అందవు. వంతెన కట్టకముందు ఇక్కడ పుట్టీలు నడిచేవట. తోలు పుట్టీలో కూర్చోబెట్టి మనుషులను, మేకలను, పెళ్ళివారిని గిరగిరా తిప్పుతూ అవతల గట్టు చేర్చేవాళ్ళట. కుస్తీ పట్టే తాలీము ఉండేదట, అత్తరు కాచే ఇల్లు ఉండేదట. వీధి చరిత్ర ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు గాని, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకునేవాళ్ళు కాదు. అందరిలోకీ గొప్ప చరిత్ర ఖాలాది. ఖాలా అంటే ఏటి ఇసుకలో దోసకాయలు, కర్బూజాలు పండించే పెద్దావిడ. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్ళు. నవాబుల కాలంలో బేగం ఒకావిడ వెన్నెల చూడడానికి వచ్చినప్పుడు పాదాలకు ఇసుక అంటకుండా కట్ట మీది నుంచి నీళ్ళ దాకా తివాచీలు పరిచేవారని, వాటిని దులిపే పని తమ ముత్తవ్వదని ఆమె చెప్పేది. "అట్ల దులిపి దులిపి మా ఖాందాన్‌లో అందరికీ దగ్గు వచ్చింది, టీచరమ్మా" అని నిదర్శనంగా ఒకసారి దగ్గి చూపించేది కూడా.

ఇక మా పెద్దనాయనకు శనక్కాయల మండీ ఉండేది. మాట తక్కువ, మీసం ఎక్కువ. ఎదురింట్లో సోడా మామ. గోలీసోడా తయారుచేసే యంత్రం ఆయనది, అందుకని ఊరంతా ఆయనను అలాగే పిలిచేది. వీళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళేనట. నేను వచ్చేసరికి మాత్రం మాటలు లేవు. కారణం మా మిద్దె మీది వాననీటి గొట్టం. వీధి ఇరుకు, గొట్టం పొడుగు. వాన పడితే మా మిద్దె నీళ్ళు వెళ్ళి ఆయన గడప ముందు పడేవి. గొట్టం కురచ చేసుకోమని ఆయన, గడప వెనక్కి జరుపుకోమని ఈయన. మా కర్నూల్లో వానలు ఎన్ని పడతాయో మీకు తెలియంది కాదు. అయినా కోపానికి వానతో పని లేదు కదా, అది ఎండాకాలంలోనూ పచ్చగా ఉండేది.

అలాంటి రోజుల్లో మా ఊరు రాజధాని అయింది. ఒకనాడు చూస్తే ఊరి చుట్టూ గుడారాలు. గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసుల్లో ఫైళ్ళు, ఫైళ్ళ వెనక మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు. అద్దె ఇళ్ళు చాలక పశువుల కొట్టాలకు సున్నం కొట్టించి అద్దెకిచ్చిన పుణ్యాత్ములు కూడా ఉన్నారు. మా పెద్దనాయన ఇంటి మిద్దె మీది గదుల్లో సూపరింటెండెంటు ఒకాయన భార్యతో దిగాడు. మేము వాళ్ళను మద్రాసాయన, మద్రాసక్క అనేవాళ్ళం. ఆమెకు కర్నూల్లో అన్నీ నచ్చాయి గాని సాయంకాలాలు నచ్చలేదు. ఐదు కొట్టేసరికి పూలు పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, గొడుగు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. వచ్చి, ఎక్కడికి పోవాలో తోచక అక్కడే నిలబడిపోయేది.

"మద్రాసులో ఈ వేళకు బీచిలో ఉండేదాన్నమ్మా" అని మా పెద్దమ్మతో వాపోయేది.

"బీచిలో ఏం చేస్తారు మే?"

"ఇసుకలో నడుస్తామండీ."

"ఇసక మాకాడ లేదా? కట్ట దిగితే అంతా ఇసకే. కావల్సినంత నడుచుకో పో" అంది పెద్దమ్మ చాలా ఉదారంగా.

మద్రాసక్క నడిచి చూసింది. మా ఇసుకలో నాలుగడుగులు వేసేసరికి చెప్పులు ఒకచోట, ఆమె ఒకచోట. గొడుగు ఊతగా పట్టుకుని తిరిగొచ్చి మొగుడితో ఏమందో మాకు తెలియదు గాని, ఆ వారంలోనే మద్రాసాయన ఒక ఆలోచన చేశాడు. మద్రాసు నుంచి ఫైళ్ళు వచ్చిన చెక్కపెట్టెలు గుడారాల వెనక గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని విప్పి, పలకలు తీసి, కట్ట మీది నుంచి నీళ్ళ దాకా బాటలా పరిస్తే? పైవాళ్ళను అడిగి అనుమతి తెచ్చాడు. ఆఫీసు కుర్రాళ్ళు సెలవునాడు పలకలు మోశారు. రేవు వీధి జనం మేకులు కొట్టారు. ఆ మోసినవాళ్ళలో సోడా మామ మేనల్లుడొకడు ఉండేవాడు. గుడారంలో గుమాస్తా, మామ ఇంట్లో మకాం. సన్నగా, పొడుగ్గా, టెంటుకొయ్యలాగే ఉండేవాడు. టెంటబ్బాయి అని పేరు పెట్టింది మా పెద్దమ్మే. (నేను మాత్రం లోపల కూడా ఆ పేరుతో పిలుచుకోలేదు. అసలు ఏ పేరుతోనూ పిలుచుకోలేదని అప్పుడు ఎవరైనా అడిగితే ఒట్టు పెట్టేదాన్ని.)

బాట తిన్నగా పోవలసింది. కానీ సగం దూరంలో, ఇసుక కాస్త ఎత్తుగా ఉన్న చోట ఖాలా దోసతోట అడ్డం వచ్చింది. ఖాలా తీగల మధ్య పడుకుని, "ఏస్కోండప్పా మీ రోడ్డు. ముందు నా మీద ఏసి, తర్వాత నా తీగల మీద ఏస్కోండి" అంది. మద్రాసాయన ఎన్ని విధాల చెప్పినా లేవలేదు. మధ్యాహ్నానికి ఆమెకు అన్నం కూడా అక్కడికే తెప్పించవలసి వచ్చింది. చివరికి బాటే వంకర తిరిగి, తోట చుట్టూ వెళ్ళి, నీళ్ళ దగ్గర తేలింది. ఆ వంకరే బాటకు అందం తెచ్చిందని తర్వాత అందరూ అన్నారు. తన వల్లే అందం వచ్చింది కాబట్టి మలుపు దగ్గర కర్బూజాలు అమ్ముకునే హక్కు తనదేనని ఖాలా అంది.

పలకల మీద పెట్టెల నాటి నల్లరంగు అక్షరాలు అలాగే ఉన్నాయి. ఏ పెట్టె ఏ శాఖదో ఇంగ్లీషులో రాసినవి. చదువు రానివాళ్ళు కూడా వాటిని అడిగి తెలుసుకుని గుర్తు పెట్టుకున్నారు. దాంతో బాటంతా పేటలుగా విడిపోయింది. "రెవెన్యూ కాడ కూచుందాం రాప్పా" అనేవాళ్ళు. బజ్జీల బండి అబ్కారీ దగ్గర. ముసలివాళ్ళు పెన్షన్ల దగ్గర. కొత్తగా పెళ్ళయినవాళ్ళు మలుపు అవతల అడవుల శాఖ దాకా పోయి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. అంతవరకు బిందెతోనో బట్టల మూటతోనో తప్ప ఏటికి రాని మా వీధి ఆడవాళ్ళు ఒట్టి చేతులతో, ఊరికే, గాలి కోసం రావడం మొదలుపెట్టారు. మొదటిరోజు మా పెద్దమ్మకు చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. మర్నాడు ఒక ఖాళీ చెంబు పట్టుకుని వచ్చింది, ధైర్యానికి.

అన్నీ బాగానే ఉన్నాయి గాని ఒక్కటే చిక్కు. పలకలు చాలక బాట మరీ ఇరుకుగా వచ్చింది. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు ఇసుకలోకి దిగాలి. ఎవరు దిగాలి? గుమాస్తా సూపరింటెండెంటుకు దిగేవాడు. కోడలు అత్తకు దిగేది. వకీలు, డాక్టరు ఎదురైతే ఇద్దరూ నవ్వుతూ "మీరు రండి", "లేదు, మీరే రండి" అనుకుంటూ వెనక ఉన్నవాళ్ళ ఓపిక పరీక్షించేవాళ్ళు. పాదిరిగారి భార్య అందరికీ దిగేది, అందుకే ఆమె చెప్పుల్లో ఎప్పుడూ ఇసుకే. ఒకనాడు ఆంబోతు ఒకటి బాట ఎక్కింది. దానికి మాత్రం హోదాలు చూసుకోకుండా అందరూ దిగారు.

మా పెద్దనాయన, సోడా మామ ఇద్దరూ రోజూ బాట మీదికి వచ్చేవాళ్ళే. కానీ ఒకరు వచ్చారని తెలిస్తే ఇంకొకరు కట్ట మీదే ఆగిపోయేవారు. ఎండాకాలం అంతా అలా ఎదురుపడకుండా నెట్టుకొచ్చారు. వానల మొదట్లో ఒక సాయంకాలం మాత్రం ఆ లెక్క తప్పింది. పెద్దనాయన, ఆయన వెనక నేను నీళ్ళ దాకా పోయి తిరిగి వస్తున్నాం. ఖాలా తోట మలుపు తిరిగేసరికి ఎదురుగా సోడా మామ. ఆయన వెనక టెంటబ్బాయి. తోట పందిరి అడ్డం ఉండి ఎవరికీ ఎవరూ ముందుగా కనపడలేదు. ఇద్దరు పెద్దమనుషులూ ఆగారు. చెయ్యి చాస్తే మీసం అందేంత దూరం. కింద పలక మీద ఏమి రాసి ఉందో చూశాను. జైళ్ళు.

పెద్దనాయన తల తిప్పకుండానే, "పాపా, ఆయప్పకు చెప్పు. మనం ఇంటికి పోతాండాం, దారి వదలమను" అన్నాడు.

ఆయప్ప అక్కడే ఉన్నాడు, వింటూనే ఉన్నాడు. కానీ మాటలు లేని మనుషులకు మాట వినపడడం కూడా నామోషీయే. నేను సోడా మామ భుజం పక్కగా వంగి టెంటబ్బాయితో, "మేం ఇంటికి పోవాలంటండీ. దారి వదలాలంటండీ" అన్నాను. అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

అతను బుద్ధిగా ముందుకు వంగి, "మామా, వాళ్ళు ఇంటికి పోవల్లంట" అన్నాడు.

"పొమ్మను. ఎవురొద్దన్నారు? ఇసక మీద పోతే ఇంకా బిరీన పోవచ్చు."

"ఇసక మీద తొందరగా పోవచ్చంటండీ" అని అతను నాకు చెప్పాడు.

"పెద్దనాయనా, ఇసక మీద..."

"ఇన్నా. మండీ పెట్టి నలుగురికి అన్నం పెట్టేవాడు ఒక సోడాల ఆయప్పకు దిగితే బాగుండదని చెప్పు."

అది నేను చెప్పలేకపోయాను. "మా పెద్దనాయన దిగలేరంటండీ, బాగుండదంట" అని కుదించాను. అతను దాన్ని ఇంకా కుదించి, "వాళ్ళ పెద్దనాయనకు ఒంట్లో బాగలేదంట మామా" అన్నాడు. సోడా మామ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. "ఏమైందంట?" అని అడిగాడు కూడా. అప్పుడు పెద్దనాయన, "ఎవురికి బాగలేదు? నేను రాయి మాదిరి ఉండానని చెప్పు" అని పాడు చేశాడు.

ఇలా సాగింది మా రాయబారం. మధ్యలో టెంటబ్బాయి గొంతు తగ్గించి, "మీరు బళ్ళో టీచరంట గదా? ఏ క్లాసు?" అని అడిగాడు. నేను "మూడు" అన్నాను. పెద్దనాయన అనుమానంగా, "ఏమంటాండాడు వాడు?" అన్నాడు. "గొట్టం గురించి ఏమీ అనలేదు పెద్దనాయనా" అన్నాను. అదీ నిజమే కదా.

చూస్తుండగానే జనం చేరారు. మా వెనక కొందరు, వాళ్ళ వెనక కొందరు, బాట రెండు వైపులా ఇసుకలో కొందరు. (ఇసుకలో ఇంతమంది హాయిగా నిలబడగలిగినప్పుడు ఆ ఇద్దరికీ ఏమొచ్చిందని ఎవ్వరికీ తోచలేదు.) బజ్జీలవాడు బండి వదిలి పళ్ళెంతో వచ్చాడు. పెద్దనాయన ఒక బజ్జీ తీసుకున్నాడు. సోడా మామ అది చూసి తనూ ఒకటి తీసుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా, ఒకే తీరులో తొడిమ పట్టుకుని నమిలారు. మద్రాసాయన వచ్చి, తను చేయెత్తగానే ఇద్దరూ ఒకేసారి దిగాలని, అప్పుడు ఎవరి పరువూ పోదని తీర్పు చెప్పాడు. ఇద్దరూ తలూపారు. ఆయన చేయెత్తాడు. ఇద్దరూ మడమ పైకెత్తారు, ఎదుటివాడు దిగుతాడో లేదో చూశారు, మళ్ళీ మడమ దించారు. జనమంతా "అయ్యో" అన్నారు.

పడమట మబ్బు నల్లగా ఉందని అప్పటికే కొందరు అన్నారు. కానీ ఏటికి నీళ్ళు రావడమంటే మా అందరి లెక్క తుంగభద్రకే. అది రావడానికి ఇంకా రోజులున్నాయి, వచ్చేముందు కబురూ వస్తుంది. హంద్రిని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఎప్పుడూ ఎండి ఉండే ఏరు కదా, మనుషులు దాన్ని ఏరని మరచిపోయి మైదానం అనుకుంటారు. ఆ మధ్యాహ్నం పత్తికొండ వైపు వాన దంచికొట్టిందట. మాకేం తెలుసు?

ముందు ఖాలా గుడిసెలో నుంచి కేక వచ్చింది. "ఏరు! ఏరొస్తాంది!" తర్వాత ఒక వాసన, కొత్తనీటి మట్టివాసన. ఆ తర్వాత చప్పుడు. పుల్లలు, నురుగు, ఎండుటాకులు ముందేసుకుని ఎర్రటి నీరు నాలుకలా వచ్చి, మాకూ కట్టకూ మధ్యనున్న పల్లంలోకి దూరింది. క్షణంలో ఇసుకలో నిలబడ్డ జనం కొంగులు, పంచెలు పైకి పట్టుకుని కట్ట వైపు పరుగు తీశారు. పళ్ళెం, బజ్జీలు, ఎవరివో చెప్పులు, అన్నీ తేలుతున్నాయి. బాట మీద మిగిలింది మేం నలుగురం. కట్ట మీద మద్రాసక్క గొడుగు ఊపుతూ "రండీ! రండీ!" అని అరుస్తోంది.

నీళ్ళు పలకలను ముట్టుకున్నాయి. ఆ పెట్టెలు తేలిక చెక్కవి. కాళ్ళ కింద బాట ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచి కిందికి దిగింది.

"పాపా, ఆయప్పను ముందు దిగమను" అన్నాడు పెద్దనాయన.

"అల్లుడా, ఆయప్ప దిగితేనే నేను దిగేది" అన్నాడు సోడా మామ.

అప్పుడు నాకేమైందో ఇప్పటికీ తెలియదు. పెద్దనాయనకు ఈత రాదు. సోడా మామకు రాదని ఆయన మొహమే చెబుతోంది. అంతవరకు ఆ ఇంట్లో "ఊ" అని తప్ప గట్టిగా మాట్లాడి ఎరుగని దాన్ని, రేవంతా ప్రతిధ్వనించేట్టు అరిచాను.

"దిగండి! ఎవురు ముందైతే ఏంది? మీసాలు నెరిసినాయి గాని బుద్ధి రాలేదే! దిగమంటాండా! దిగు!"

దభీమని చప్పుడైంది. టెంటబ్బాయి నీళ్ళలోకి దూకాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. దూకి, కొట్టుకుపోబోతున్న బాటను రెండు చేతులా పట్టుకుని ఆపాడు. సరిగ్గా అదే సమయానికి జైళ్ళ పలక ఉన్న ముక్క ఇటూ అటూ మేకులు ఊడదీసుకుని విడిపోయింది. దాని మీద ఆ ఇద్దరు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గిర్రున తిరుగుతున్నారు. నేనూ దూకేశాను. చీర కాళ్ళకు చుట్టుకుంది. అతను ఒక చేత్తో పలకను పట్టుకుని ఇంకో చెయ్యి నాకిచ్చాడు. ఇద్దరం కలిసి ఆ తెప్పను తోసుకుంటూ ఖాలా తోట ఎత్తు వైపు తెచ్చాం. ఖాలా పందిరి తాడు విసిరింది, లాగింది, లాగుతూ తిట్టింది. ఏ భాషలో తిట్టిందో నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగమే చాలు.

తోటలో గుడిసె ఉన్న చోటు ఒక్కటే మునగలేదు. రేవులో ఇంకా మిగిలిన ఒక్క పుట్టీ వచ్చేదాకా ఐదుగురం అందులోనే కూర్చున్నాం. ఖాలాకు ఉన్నది ఒకే దుప్పటి. ఇద్దరు పెద్దమనుషులూ దాన్నే కప్పుకుని, భుజానికి భుజం ఆనించి, చెరో దిక్కు చూస్తూ వణికారు. ఖాలా తేలిపోతున్న కర్బూజాల్లో ఒకదాన్ని పట్టి కోసి పెట్టింది. కాసేపటికి పెద్దనాయన గొంతు సవరించుకుని, "పాపా, ఆయప్పకు ఇంకో ముక్క కావల్లేమో అడుగు" అన్నాడు. నేను అడగబోయేలోపే సోడా మామ, "పండు తియ్యగా ఉండాది, ఆయప్పను కూడా తినమను" అన్నాడు. ఈసారి ఆ మాటను మోయవలసిన పని ఎవరికీ పడలేదు.

పుట్టీ వాడు మమ్మల్ని తిప్పుకుంటూ కట్టకు చేర్చేసరికి చీకటి పడబోతోంది. కట్ట మీద మా పెద్దమ్మ, సోడా మామ భార్య ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళకు మాటలు ఎప్పుడూ పోలేదని, దొడ్డివాకిలి నుంచి దొడ్డివాకిలికి కూర గిన్నెలు రోజూ నడుస్తూనే ఉన్నాయని ఆనాడే తెలిసింది మొగుళ్ళకు. తిట్టేందుకు ఒంట్లో ఓపిక లేక ఊరుకున్నారు. ఎవరు ముందు దిగారని ఊరంతా అడిగితే, "నేను దిగలేదప్పా, ఏరే ఎక్కింది" అన్నాడు పెద్దనాయన. "నా మాటా అదే" అన్నాడు సోడా మామ. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఒక్క విషయంలో ఏకమై ఊరితో పోట్లాడుతూ బతికారు.

మా పెళ్ళి మాట ఆ ఇద్దరాడవాళ్ళే కదిపారు. కులం ఒకటే, గోత్రాలకు అభ్యంతరం లేదు, ఉన్నదల్లా గొట్టానికే. పెద్దనాయన మేస్త్రీని పిలిపించి గొట్టం కురచ చేయించాడు. ఆ ఏడాది మళ్ళీ వాన పడనేలేదనుకోండి. పెళ్ళిపీటల దగ్గర బంధువులంతా అల్లుడి సాహసం గురించి చెప్పుకున్నారు. నీళ్ళు నడుము దాకా అన్నది మెడ దాకా అయింది, ఖాలా చెప్పేసరికి తాటిచెట్టంత అయింది. ఆయన తల వంచుకుని వినయంగా కూర్చున్నాడు. అంత వినయం ఉన్నవాడు దొరికాడని మా అమ్మ కళ్ళు తుడుచుకుంది.

బాటను మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. వేద్దామనుకునేలోపే రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు పీకేశారు. మద్రాసక్క వెళ్ళేటప్పుడు పెద్దమ్మను పట్టుకుని ఏడ్చింది. "అక్కడ చెరువైనా ఉందంట, పోయి రా మే" అని పెద్దమ్మ ఓదార్చింది. కొట్టుకుపోయిన పలకలు దిగువ పల్లెల్లో గడ్డివాములకు, కోళ్ళగూళ్ళకు పనికొచ్చాయట. ఒక ముక్క మాత్రం దొరికితే మా బడికి బెంచీ చేయించాం. మూడో తరగతి పిల్లలు చాలా ఏళ్ళు జైళ్ళ మీద కూర్చుని ఎక్కాలు చదివారు.

ఈమధ్య ఒక సాయంకాలం నేనూ మా ఆయనా వాకిట్లో కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాం. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. నా గొంతేమో ఆ రోజు తర్వాత మళ్ళీ తగ్గలేదు. అందుకని మా కాపురం సజావుగానే సాగుతోంది. ఎందుకొచ్చిందో ఆ పాత మాట వచ్చింది. "ఏమన్నా చెప్పండి, ఆ ఏటిలోకి దూకేదానికి గుండె ఉండల్ల. మిమ్మల్ని చూసే నేనూ దూకినా" అన్నాను.

ఆయన ఒలిచిన గింజలు కాసేపు చాటలో అటూ ఇటూ జరిపాడు. "ఒక మాట చెప్తే నవ్వవు గదా?"

"నవ్వను, చెప్పండి."

"నువ్వు దిగు అని అరిచినావే, అది మా మామను కాదు, నన్నే అంటాండావనుకున్నా. టీచరమ్మ గదా, గట్టిగా చెప్పేసరికి దిగేసినా. దిగినాక పట్టుకునేదానికి ఏమన్నా కావల్లని పలక పట్టుకున్నా."

నవ్వనన్నదాన్ని నవ్వు ఆపుకోలేక చాట ఒలకబోశాను. ఇన్నాళ్ళూ ఒక సాహసవంతుడితో కాపురం చేశాననుకున్నాను. చెప్పిన మాట వినేవాడితో చేశానట. ఆలోచించి చూస్తే సంసారానికి రెండోవాడే సుఖం. "పిల్లలకు చెప్పొద్దు" అన్నాడాయన గింజలు ఏరుతూ. చెప్పనన్నాను. (మీరు పిల్లలు కారు కాబట్టి మీకు చెప్పాను.) అప్పుడప్పుడూ తడిచీరతో, వణుకుతూ, ఆ చెయ్యి పట్టుకుని ఇసుక మీదికి ఎక్కిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఎంత గర్వం దాని మొహంలో, తనకోసం ఒకడు ఏటిలోకి దూకాడని! దానికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వను. పాపం, ఆ పూటకు దాన్ని అలాగే ఉండనిద్దాం.